నాలుగో పేజీ పడవలు

గత మంగళవారం ఉదయం నేను కాలేజీకి బయలుదేరుతుంటే, పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లోని మా దుకాణం షట్టరు సగం ఎత్తి మా నాన్న ఆగిపోయాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. "దీదీ పోయారంటమ్మా. తెల్లారగట్ల, నిద్దర్లోనే," అన్నాడు. ఎత్తిన షట్టరును దించేసి తాళం వేశాడు. ఏ దీదీ అని నేను అడగలేదు. ఈ దీవుల్లో మనకంటే పెద్దయిన ప్రతి స్త్రీనీ అలాగే పిలుస్తాం. కూరలమ్మే ఆమె దీదీ, ఆసుపత్రిలో సూది వేసే ఆమె దీదీ. మా ఇంట్లో మాత్రం ముందూ వెనుకా ఏమీ చేర్చకుండా దీదీ అంటే ఒక్కరే. సునామీ తర్వాత శిబిరంలో నాకు లెక్కపెట్టడం నేర్పిన బాలవాడి టీచరు.

పోయినవారిని దేవతలుగా చిత్రించే అలవాటుతో నాకు పేచీ ఉంది. అది జ్ఞాపకం పేరుతో చేసే బద్ధకం. ఆమెను ఎరగనివారు ఈ నాలుగు మాటలు చదివి ఆమె శాంతమూర్తి అనుకుంటే ఆ తప్పు నాదవుతుంది. దీదీకి కోపం ఎక్కువ, మొండితనం ఇంకా ఎక్కువ. ఆదివారం తెలుగు ఆరాధనలో పాటల నంబర్లు పెట్టే పలక ముందు ఎవరో ఒక పిల్లను నిలబెట్టి, ఆ అంకెల్లో ఏది పెద్దదో తేల్చేదాకా కదలనిచ్చేవారు కాదు. పాస్టరుగారు పుస్తకం తెరిచి పట్టుకుని ఎదురుచూసేవారు. ఇంటికెళ్ళే డెలానీపూర్ బస్సులో కండక్టరును ఎంతమంది ఎక్కారని అడిగి, అతను చాలామంది అంటే, "చాలా అనేది నంబరు కాదు భయ్యా" అని అందరి ముందూ అనేవారు. ఆమె ఎక్కితే కండక్టర్లు ముందే లెక్కపెట్టుకునేవారని మా నాన్న అంటాడు.

నాకప్పుడు ఐదేళ్ళు. మాది హట్ బే, ఇక్కడికి దక్షిణాన ఇంకో దీవిలో. క్రిస్మస్ మరునాడు, ఆదివారం పొద్దున్న, భూమి ఊగింది. ఆ తర్వాత సముద్రం వచ్చింది. మా దుకాణం పోయింది. ఇల్లు పోయింది. ఒడ్డున ఎండుచేపలు ఆరబెట్టడానికి వెళ్ళిన మా నాన్నమ్మ తిరిగి రాలేదు. మెరకకు పరుగెత్తి బతికినవాళ్ళను ఓడలో పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చి, ఊరి చివర వరసగా కట్టిన రేకుల షెడ్లలో పెట్టారు. ఎండ వస్తే రేకులు కాలేవి, వాన వస్తే పక్కనున్న మనిషి మాట వినపడేది కాదు. వరసలో చివరి షెడ్డు బాలవాడి. అందులో తెలుగు, తమిళ, బెంగాలీ, నికోబారీ పిల్లలం కలిసి కూర్చునేవాళ్ళం గనక పాఠం హిందీలో సాగేది. మా తెలుగు పిల్లల్ని తిట్టడం మాత్రం దీదీ తెలుగులోనే తిట్టేవారు. అది ఆమె మాకిచ్చిన ప్రత్యేక హోదా అనుకునేవాళ్ళం.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన సహాయపు పెట్టెల్లో బట్టలతో పాటు బొమ్మల పుస్తకాలూ, మైనపు రంగు పుల్లలూ ఉన్నాయి. పుస్తకాలు మంచివే, నునుపైన కాగితం, ముచ్చటైన రంగులు. కానీ అందులో ఒక పేజీ నిండా రైలుబండి ఉంది. ఎన్ని పెట్టెలో లెక్కపెట్టాలి. మేం రైలు లేని దీవుల్లో పుట్టిన పిల్లలం. ఒకరు కిటికీలు లెక్కపెట్టారు, ఒకరు చక్రాలు లెక్కపెట్టారు. నేను ఒకటి అన్నాను. ఒకటేమిటని దీదీ అడిగితే, అన్నీ అతుక్కునే ఉన్నాయి కదా, కాబట్టి ఒకటేనని వాదించానట. పుస్తకం చివర జవాబు ఆరు అని ఉంది. దీదీ ఆ జవాబు చదివి, పుస్తకం మూసి, ఎవరి లెక్కా తప్పు కాదన్నారు. "ముందు ఏం లెక్కపెడుతున్నామో మనం మాట అనుకోలేదు. బస్, అంతే, అదే గొడవ." కాలేజీ చర్చావేదికల్లో వాదనకు దిగేముందు పదాల అర్థం నిర్ణయించుకోవాలని ఎవరో పెద్దమనిషి మాకు గంటసేపు ఉపన్యసించినప్పుడు, నాకు ఆ రైలే గుర్తొచ్చింది. ఆ పాఠం నాకు ఐదేళ్ళప్పుడే అయిపోయింది.

ఆ వారమే ఆమె సొంతంగా పుస్తకం తయారుచేశారు. దుకాణాలవాళ్ళు పంచిన పాత క్యాలెండర్ల వెనకవైపు బొమ్మలు వేసి, వలలు కుట్టే నైలాన్ దారంతో కుట్టారు. ఒకే రకం పుస్తకాలు మూడు. మొదటి కాగితంలో ఒక లైట్‌హౌస్, రెండోదాంట్లో రెండు పీతలు, తర్వాత మూడు చిలకలు, నాలుగు పడవలు, ఐదు కొబ్బరికాయలు, అలా పదిదాకా. అంకె ఒక్కటి కూడా ఎక్కడా వేయలేదు. అంకె కనిపిస్తే పిల్లలు దాన్ని చదివేసి ఊరుకుంటారనీ, అసలు పని చేయరనీ ఆమె వాదం. పుస్తకం టీచరు చేతిలో ఉండకూడదన్నది ఆమె రెండో నియమం. పిల్లల గుంపు మధ్యలో నేల మీద పెట్టి ఆమె దూరంగా కూర్చునేవారు. మూడో నియమం మేమందరం నిద్రలో కూడా అప్పజెప్పగలిగింది: "వేలు పెట్టి చెప్పు." ఒక్కో బొమ్మ మీద ఒక్కసారి వేలు, ఒక్కో వేలికి ఒక్క మాట. వేలు పెట్టకుండా చెప్పిన సంఖ్య ఒప్పయినా ఆమె ఒప్పుకునేవారు కాదు.

బొమ్మల పుస్తకం కథలకు పనికొస్తుంది గానీ గణితానికి పనికిరాదని ఇప్పటికీ వాదించేవారున్నారు. వారితో వాదనకు నేను ఏ వేదిక మీదైనా సిద్ధం. నూరు దాకా గడగడా అప్పజెప్పి, ఎదురుగా ఉన్న ఏడు గవ్వల్ని ఎనిమిదని చెప్పే పిల్లల్ని నేను చూశాను. వాళ్ళకు వచ్చింది పాట, లెక్క రాలేదు. పేజీలో పీతలు కదలవు, ఎగిరిపోవు. తప్పు చేసిన పిల్ల మొదటి పీత దగ్గరికి మళ్ళీ రావచ్చు. ఆ అవకాశం కోసమే దీదీ అంత శ్రమ పడ్డారు.

కానీ నాలుగో కాగితం దగ్గర ఆమె పెద్ద పొరపాటు చేశారు. నాలుగు పడవలూ సముద్రం మీద ఉన్నాయి. బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళలో కలిపి, పడవల చుట్టూ కాగితం అంచుల దాకా పూశారు. ఆమె డెలానీపూర్ మెరక మీద ఉన్న మనిషి. ఒడ్డున నాలుగు పడవలుండటం ఆమెకు మామూలు దృశ్యం. మేం చేసిన పని చెబుతాను. మూడో కాగితం తిప్పేటప్పుడు నాలుగోదాన్ని కూడా కలిపి పట్టుకుని, రెండూ ఒకేసారి తిప్పేవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మూడు పుస్తకాల చుట్టూ కూర్చున్న మూడు గుంపులూ అదే చేశాయి. చిలకల తర్వాత కొబ్బరికాయలు వచ్చేవి. దీదీ దూరంగా కూర్చున్నారు గనక చూడలేదు.

ఇలా కొన్ని వారాలు నడిచింది. ఒకరోజు బాలవాడిలు చూడటానికి ఒక అధికారి వచ్చారు. నడివయసు మనిషి, కటువైనవాడేం కాదు. మాకందరికీ తలా ఒక చాక్లెట్ ఇచ్చి లెక్కపెట్టమన్నారు. షెడ్డు షెడ్డంతా ఒక్క గొంతుతో మొదలుపెట్టింది. "ఏక్, దో, తీన్, పాంచ్, ఛే." ఆయన ఆపి మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ అదే చెప్పాం, ఈసారి ఇంకా గట్టిగా. ఒకరిద్దరు తప్పు చెబితే పొరపాటు అనుకోవచ్చు. అందరూ ఒకే చోట తప్పితే అది బోధన. ఆయన అదే అన్నారు. బొమ్మల పుస్తకాలు కట్టిపెట్టి పలకా బలపం పట్టించమన్నారు. నెల తర్వాత మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే ఈ షెడ్డుకు వేరే టీచరును చూడాల్సి వస్తుందనీ చెప్పారు. దీదీది తాత్కాలిక నియామకం.

ఆయన వెళ్ళాక దీదీ మా మధ్యకు వచ్చి కూర్చుని, పుస్తకం మా చేతుల్లో ఎలా కదులుతుందో మొదటిసారి దగ్గరగా చూశారు. రెండు కాగితాలు కలిసి తిరిగాయి. తర్వాత నన్ను పిలిచి నాలుగు ఎక్కడుందని అడిగారు. నేను చెప్పిన జవాబు నాకు గుర్తుంది. ఆమె కూడా ఎన్నోసార్లు గుర్తుచేశారు.

"నాలుగు లేదు దీదీ. సముద్రం తీసుకుపోయింది."

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. మా ఇంట్లో నలుగురం ముగ్గురమయ్యాం కాబట్టి నేను నాలుగును దాటేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. అది నిజం కాదు. ఆ షెడ్డులో ఒక్కో ఇంటి లెక్క ఒక్కో రకం. తొమ్మిదిమందిలో ఇద్దరు మిగిలిన ఇల్లు కూడా ఉంది. మేం దాటింది అంకెను కాదు, నీళ్ళను. నీళ్ళతో పాటు అంకె కూడా పోయిందంతే.

షెడ్డులో వంట చేసే ఆయా ఒక తేలిక మార్గం చెప్పింది. ఆ కాగితం చింపేసి నాలుగు మామిడిపళ్ళు వేస్తే అయిపోతుంది కదా, ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఎందుకంది. దీదీ ఒప్పుకోలేదు. "మామిడిపళ్ళేస్తే నాలుగొస్తది. సముద్రం ఎప్పుడొస్తది? దీవిలో ఉండాల్సిన పిల్లలు ఈళ్ళు." ఆ నెలంతా పణంగా ఉన్నది ఆమె ఉద్యోగమని పెద్దవాళ్ళందరూ అనుకున్నారు. ఆమెకు మాత్రం ఆ కాగితమే పణం. దాన్ని తీసేస్తే మేమెప్పటికీ రెండు కాగితాలు కలిపి తిప్పుతూనే ఉంటామని ఆమె భయం.

మర్నాడు వచ్చేసరికి షెడ్డు ఆ చివర ఒక బల్ల, దాని మీద నాలుగో కాగితం దగ్గర తెరిచిన పుస్తకం, గాలికి ఎగరకుండా అంచున ఒక రాయి. దాని దగ్గరికి వెళ్ళమని ఆమె అనలేదు. మా చాప నుంచి బల్ల ఎంత దూరమో జానలతో కొలవమన్నారు. కొలిచాం. ఒక్కో పిల్ల జాన ఒక్కో పొడుగు గనక ఒక్కో జవాబు వచ్చింది. దాని మీద ఒక పూటంతా కొట్లాడుకున్నాం. రోజూ బల్ల ఒక జాన దగ్గరికి జరిగేది. రోజూ కొలిచేవాళ్ళం. ఎవరికైనా ఇష్టంలేకపోతే బల్లకు వీపు పెట్టి కొలవచ్చు. కొందరం అలాగే కొలిచాం. ఆయా మాత్రం నెల దగ్గరపడుతోందని రోజూ గొణిగేది.

బల్ల చాపను తాకిన రోజు దీదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. వేలు పెట్టమన్నారు. నా వేలు కాగితం మీదికి వెళ్ళి, నీలం దగ్గర ఆగిపోయింది. ఆమె నా చేయి పట్టుకోలేదు. ఎవరి వేలినీ ఆమె ఎప్పుడూ పట్టుకుని నడిపించలేదు.

"నీళ్ళ మీదొద్దు బేటా. పడవ మీద పెట్టు."

పెట్టాను. ఆ పడవ ఎర్రది, మైనపు రంగు కొంచెం గరుకుగా తగిలింది. రెండోది పసుపు. ఒక పడవ నుంచి ఇంకో పడవకు వేలు గాలిలో ఎత్తి తీసుకెళ్ళాను, మధ్యలో నీళ్ళు తగలకుండా. అలా చేయవచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు. నాలుగో పడవ మీద వేలు ఆనించి, చాలాసేపు తీయలేదట.

నెల తిరిగింది. అధికారి వచ్చారు. బొమ్మల పుస్తకాలు ఇంకా నేల మీదే ఉండటం చూసి ఆయన ముఖం ముడుచుకుంది. వాదించడం దీదీకి రాక కాదు. ఆ రోజు వాదించలేదు. తప్పు పిల్లలది కాదనీ, ఆ కాగితం అలా గీసింది తాననీ మాత్రం చెప్పి పక్కకు జరిగారు. ఆయన చాప మీద గొంతుక్కూర్చుని పుస్తకం తనే తీసుకుని తిప్పడం మొదలుపెట్టారు. లైట్‌హౌస్. పీతలు. చిలకలు. ఆ తర్వాత ఆయన చేతిలో రెండు కాగితాలు కలిసి తిరిగాయి. కొబ్బరికాయలు వచ్చాయి.

ముందు ఎవరో అన్నారు, వెంటనే అందరం అన్నాం: "సార్, చార్ రహ్ గయా." నాలుగు మిగిలిపోయిందని.

ఆయన వేలు తడిచేసుకుని కాగితం వెనక్కి తిప్పారు. ఆ నాలుగింటి మీదా వేళ్ళు పెట్టడానికి మేమందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. ఆ మాట ముందుగా అన్నది నేనేనని మా నాన్న మిడిల్ పాయింట్ అంతా చెప్పుకుంటాడు; నాకు గుర్తులేదు, కాబట్టి కాదనే రాస్తున్నాను. ఆ వెంటనే పది తర్వాత ఎంతని ఆయన అడిగితే నేను ఇరవై అన్నానని మాత్రం బాగా గుర్తుంది. ఆయన నవ్వి, పుస్తకాలు ఉండనీయమని రాసి వెళ్ళారు. ఆయన రెండు కాగితాలు తిప్పడం పొరపాటా, పరీక్షా? పెద్దయ్యాక దీదీని అడిగాను. వేలు పెట్టి చూపించలేనిది చెప్పనన్నారు.

శిబిరం ఎత్తేశాక దీదీ డెలానీపూర్‌లో మరో బాలవాడికి వెళ్ళారు. మూడు పుస్తకాల్లో ఒక్కటే మిగిలింది. దానికి ప్లాస్టిక్ పొర వేయిస్తామని ఎవరన్నా ఒప్పుకునేవారు కాదు, వేలు జారిపోతుందట. కొత్తగా గీయమంటే, ఉన్నది బాగానే ఉందనేవారు.

రెండేళ్ళ క్రితం మా కాలేజీ చర్చాపోటీకి ఆమె గొడుగు పట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. దీవుల యువత చదువు మీద వాదిస్తూ నేను నూటికి ఇంతమంది అని ఒక సంఖ్య విసిరాను. చప్పట్లు మోగాయి. కప్పు నాకే వచ్చింది. మిడిల్ పాయింట్ బస్‌స్టాప్‌లో ఆమె ఆ కప్పును అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగా మాటాడావ్. ఆ నూటికి ఇంతమంది అన్నావే, ఎవరి మీద వేలు పెట్టి లెక్కపెట్టావ్?"

అందరూ అలాగే చెబుతారు కదా అన్నాను.

"అయితే మళ్ళీ రెండు కాగితాలు కలిపి తిప్పేశావన్నమాట."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు. మర్నాడు నేను ఆ సంఖ్య కల్పించి చెప్పిందేనని నిర్వాహకులకు ఒప్పుకుని కప్పు తిరిగి ఇచ్చేశాను. దీన్ని నా నిజాయితీగా ఎవరూ పొగడనక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆమెకు ముఖం చూపించాలి కదా, అంతే. నాకు కోపం కూడా వచ్చింది. రెండు వారాలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె దాన్ని పట్టించుకున్నట్టే కనిపించలేదు.

మంగళవారం మేం డెలానీపూర్ చేరేసరికి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. లోపల తెలుగులో పాట సాగుతోంది. దీదీని పెట్టెలో పడుకోబెట్టారు. ఆమె కూతురు బీరువాలోంచి ఆ పుస్తకం తెచ్చింది, తల్లి చేతుల కింద పెట్టడానికి. నేను అడ్డం వెళ్ళాను. ఆ పుస్తకం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండకూడదన్నది దీదీ నియమమనీ, దాన్ని భూమిలో పెట్టడం అన్యాయమనీ అన్నాను. చావింట్లో గొంతు పెంచకూడదని నాకు తెలుసు. పెంచాను.

"ఇక్కడ కూడా డిబేట్ పెడతావా?" అంది ఆమె. కళ్ళు వాచి ఉన్నాయి. "బాలవాడిలో ఇప్పుడు మెరిసే పుస్తకాలొచ్చాయి. దీన్నెవరడుగుతారు? అమ్మది. అమ్మతోనే పోనీ."

నా దగ్గర మూడు వాదనలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ చెప్పే అవసరం రాలేదు. మేమిద్దరం వాదించుకుంటుంటే, కుర్చీ మీద పెట్టిన పుస్తకాన్ని దీదీని నానీ అని పిలిచే మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, లాక్కుని నేల మీద తెరిచింది. లైట్‌హౌస్, పీతలు, చిలకలు ఒక్కొక్కటే తిప్పింది. నాలుగో కాగితం వచ్చింది.

పదిహేనేళ్ళ తర్వాత నేను ఆ కాగితాన్ని దగ్గరగా చూడటం అదే. నీలిమందు కాగితంలోకి ఇంకిపోయింది. సముద్రం పూసిన రోజు ఎంత నీలంగా ఉందో అంతే నీలంగా ఉంది. పడవలకు వేసిన మైనపు రంగు మాత్రం వేళ్ళకు అరిగి అరిగి పూర్తిగా పోయింది. ఎరుపు లేదు, పసుపు లేదు. నీలం మధ్య పడవ ఆకారంలో నాలుగు తెల్లటి చోట్లు మిగిలాయి, అంతే. ఎంతమంది పిల్లల వేళ్ళు అక్కడ ఆనాయో నేను చెప్పను, నేను లెక్కపెట్టలేదు.

దీదీ కూతురు పుస్తకం కోసం చాపిన చేతిని వెనక్కి తీసుకుంది. పిల్ల మొదటి తెలుపు మీద వేలు పెట్టింది. వేలు గాలిలోకి ఎత్తి రెండోదాని మీద పెట్టింది, మధ్యలో నీలం తగలకుండా. ఆ తర్వాత మూడోది. నాలుగోదాని మీద వేలు ఆనించి, "చార్" అని, పెట్టెలో ఉన్న నానీ వైపు చూసింది.